కుర్చీలో మాట రాని సేటు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కూర్చోగానే ఫోన్ తీసి తాము చేసిన ఇళ్లు, కొట్లు చూపిస్తారు. గోడలు, లైట్లు, సీలింగు అన్నీ తళతళా మెరుస్తుంటాయి. "బాగుంది నాయనా, మరి మనుషులేరీ?" అంటాను. "ఫొటో తీసేటప్పుడు అందర్నీ బయటికి పంపించాం సార్" అంటారు. నాకు నవ్వొస్తుంది. నేనూ ఒకప్పుడు ఒక పెద్దమనిషిని ఆయన సొంత కొట్లోంచే బయటికి పంపించాను మరి, ఆ సంగతి నాకే తెలియకుండా. ఆయన మళ్లీ లోపలికి రావడానికి ఉగాది దాకా పట్టింది. ఆ ముచ్చట చెప్తాను. తొందర పనులేమైనా ఉన్నా సరే, కాసేపు కూర్చోండి.

డెబ్బైల చివర్లో హైదరాబాదులో ఒక పెద్ద డెకరేటర్ దగ్గర డ్రాయింగులు గీసి, ఆయన తిట్లు తిని, వరంగల్ తిరిగొచ్చాను. స్టేషన్ రోడ్డు పక్క సందులో ఒక గది తీసుకుని 'ఇంటీరియర్ డెకరేటర్' అని బోర్డు పెట్టాను. మొదటి వారంలోనే ఒకాయన వచ్చి పెళ్లికి షామియానా, సీరియల్ లైట్లు ఉన్నాయా అని అడిగాడు. లేవంటే, "మరి బోర్డెందుకు వెట్టినవ్ తమ్మీ?" అని నన్నే కోప్పడి వెళ్లాడు. ఇళ్లు కట్టేవాళ్లకు నాతో అవసరం లేదు, పెళ్లిళ్లు చేసేవాళ్లకు నేను పనికిరాను. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టినవాడు మా వడ్రంగి మేస్త్రి. నాకంటే పెద్దవాడు. చెయ్యి నిదానం, నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. నేను గీసిన ప్రతి గీతనూ తిట్టుకుంటూనే చెక్కలోకి దించేవాడు. ఆయన లేకపోతే నా బొమ్మలు కాగితం మీదే ఉండిపోయేవి. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు. అంటే నెత్తికెక్కి కూర్చునేవాడు.

ఎనభైల మొదట్లో ఒక డిసెంబరు నెలాఖరున హనుమకొండ బజార్లో ఒక డాక్టరుగారి భార్య నన్ను పట్టుకుంది. వాళ్లింట్లో మేం చేసిన అల్మారా తలుపు జారిపోయి మూత పడటం లేదట. "పని అయ్యేదాక దినాం వస్తిరి. అయినంక మొఖమే చూపియ్యకపోతిరి!" అంది గట్టిగా. చుట్టూ జనం. నాకు తల కొట్టేసినట్టయింది. జనవరి ఒకటో తారీఖున పెయింటర్‌ను పిలిపించి, మా బోర్డు కింద 'పని అయ్యాక కూడా వస్తాం' అని ఎర్ర అక్షరాలతో రాయించాను. కొత్త సంవత్సరంలో ఇక ఇదే మన పద్ధతి అని మేస్త్రికి చెప్పాను.

ఆయన బోర్డు వంక చాలాసేపు చూశాడు. "పని నడిచెటప్పుడు పిలిస్తెనే పోతలేము. అయినంక గూడ పోతమని రాస్తివి. బోర్డు నువ్వు రాపిస్తవ్, రంపం నేను గుంజాలె" అన్నాడు.

రాయించాక వెళ్లకపోతే ఎలా? ముందు అల్మారా తలుపు సరిచేసి డాక్టరుగారి భార్య చేతి చాయ్ తాగి వచ్చాం. తర్వాత పాత పనులన్నీ ఒక్కొక్కటే చూసి రావడం మొదలుపెట్టాను. మాఘమాసంలో, సరిగ్గా పెళ్లిళ్ల సీజనులో, చౌరస్తా దగ్గరి బట్టల కొట్టు వంతు వచ్చింది. నిజం చెప్పొద్దూ, అక్కడికి నేను లోపాలు చూడటానికి వెళ్లలేదు, మెచ్చుకుంటారని వెళ్లాను. అది నా మొదటి పెద్ద పని. అంతకుముందు దీపావళికే ప్రారంభం చేశారు.

ఆ కొట్టు పాత రూపం మీరు చూసి ఉండరు. వెనక గోడ దాకా నేల మీద పరుపు, దాని మీద చలువ చేసిన తెల్ల దుప్పటి. దాన్ని గద్దె అనేవాళ్లు. చెప్పులు బయట విడిచి, ఇంటిల్లిపాదీ వచ్చి గద్దె మీద కూర్చునేవాళ్లు. చంటిపిల్లలను అక్కడే పడుకోబెట్టేవాళ్లు. గుమాస్తాలు ఎదురుగా కూర్చుని చీరలు విప్పి పరిచేవాళ్లు. మధ్యలో బాలీసు దిండుకు ఆనుకుని పెద్ద సేటు. ఆయన చీర సంగతి చివరికి గానీ ఎత్తేవాడు కాదు. ముందు ఏ ఊరు, మిరప ఎట్లుంది, బావిలో నీళ్లున్నాయా, పిల్లను ఎవరికిస్తున్నారు, ఆ ఇంటివాళ్లు మంచివాళ్లేనా, ఇవన్నీ కావాలి ఆయనకు. నెక్కొండ, వర్ధన్నపేట దిక్కున ఆయనకు తెలియని ఇల్లు లేదని చెప్పుకునేవాళ్లు.

ఆయన కొడుకు, చిన్న సేటు, డిగ్రీ చదివినవాడు. హైదరాబాదులో కొత్త కొట్లు చూసొచ్చాడు. "జమానా మారింది అన్నా, మనం గూడ మారాలె" అని నన్ను పిలిచాడు. పిలిస్తే చాలని కాచుకుని ఉన్నాను కదా, గద్దె తీసేసి మొజాయిక్ నేల వేయించాను. రెండు పక్కలా పొడుగు కౌంటర్లు, వాటికి మైకా షీటు, వరసగా ట్యూబులైట్లు, ముందు గాజు తలుపు. పెద్ద సేటుకు గల్లా దగ్గర చక్రంలా తిరిగే కుర్చీ ఒకటి ప్రత్యేకంగా చేయించాను. దీపావళి రోజున ఆయన్ను అందులో కూర్చోబెట్టి ఒకసారి తిప్పాను కూడా! ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి మురిసిపోయాను.

మాఘమాసంలో నేను వెళ్లేసరికి ఆ తిరిగే కుర్చీ ఖాళీగా ఉంది. చిన్న సేటు రమ్మన్నాడు గానీ ముఖంలో కళ లేదు. కూర్చుందామని చూస్తే నాకు స్టూలు కూడా లేదు. స్తంభం పక్కన నిలబడ్డాను. ఇంతలో నెక్కొండ నుంచి రైలు దిగి ఒక కుటుంబం వచ్చింది. పెళ్లికూతురు, తల్లి, తండ్రి, వాళ్లతోపాటు ముక్కుకు పెద్ద ముక్కుపుడకతో నాయనమ్మ. చెప్పులతో రావచ్చని తలుపు మీద రాసి ఉంది, అయినా అందరూ బయటే విడిచి వచ్చారు. గుమాస్తా కౌంటర్ వెనకనుంచి ఏం చూపెట్టాలన్నాడు.

"కూసునే జాగ ఏడున్నది బిడ్డా?" అంది నాయనమ్మ.

"నిలవడే చూడాలె అవ్వా. ఇప్పుడు అంత గిట్లనే."

ఆమె కాసేపు నిలబడింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని కౌంటర్ ముందు నేల మీదే చతికిలబడింది. పైన చీరలు పరుస్తున్నారు. కింద ఆమెకు కనిపించేది నేను ఏరికోరి తెప్పించిన మైకా షీటు ఒక్కటే. "ఏం రంగు? అంచు ఎట్లున్నది? నాకు కనవడ్తలేదు బిడ్డా" అంటోంది. కోడలు పైన పరిచిన చీర కొంగు కిందికి జార్చి చూపిస్తోంది. పెళ్లిచీర ఒప్పుకోవాల్సింది నాయనమ్మే. ఆమె చూడకుండా ఎవరూ తల ఊపరు. చివరికి లేచి అటూ ఇటూ చూసి, తలుపు పక్కన గోనెపట్టలో కుట్టి పెట్టిన బట్టల బేలు మీద కూర్చుంది. కూర్చోగానే ఆమె ముఖం విప్పారింది. కాళ్లు నేలకు ఆనాయి. తర్వాత ఒక కాలు పైకి మడుచుకుంది. "ఆఁ, గిప్పుడు తే, చూస్త" అంది హుషారుగా.

"అవ్వా, అది బేలు! దాని మీద కూసోవద్దు, లెవ్వు లెవ్వు" అన్నాడు గుమాస్తా.

ఆమె లేచింది. కోపం కూడా తెచ్చుకోలేదు. కొడుకు వంక చూసింది. కొడుకు చీరలు వెనక్కి జరిపి "మళ్ల వస్తం సేటు" అన్నాడు. బట్టల వ్యాపారంలో ఆ మాటకు అర్థమేమిటో అందరికీ తెలుసు.

"చూసినవా అన్నా?" అన్నాడు చిన్న సేటు. "దినాం గింతే. కొట్టు చూసెటందుకు ఈడికి వస్తాండ్రు, బట్ట కొనెటందుకు ఇంకో కాడికి పోతాండ్రు."

మాట మార్చడానికి పెద్ద సేటు ఎక్కడున్నాడని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

"ఇంట్లనే ఉంటాండు. తింటాండు, పంటాండు. మాట్లాడ్తలేడు" అన్నాడు. "దీపావళి నుంచి ఒక్కొక్క మాట తగ్గుకుంట వచ్చింది. ఇప్పుడు ఆఁ, ఊఁ, గంతే. అమ్మ ఒక్కతీర్గ ఏడుస్తాంది. దవాఖానల చూపెట్టిన. గొంతుల ఏం లేదన్నరు. నా మీద కోపమా బాపూ అని అడిగిన. లేదని తల ఊపుతాండు." కౌంటర్ మీది చీర ఒకటి మడవబోయి వదిలేశాడు. "గిరాకి పోతె మళ్ల తెచ్చుకుంట అన్నా. బాపు మాట ఏడికెల్లి తేవాలె?"

వాళ్ల ఇల్లు వెనక వీధిలోనే. గడప దాటి లోపలికి చూసి ఆగిపోయాను. ముందు గదిలో పాత గద్దె పరిచి ఉంది. అదే తెల్ల దుప్పటి, అదే బాలీసు. ఇస్త్రీ ధోవతి కట్టి, వీధి తలుపుకు ఎదురుగా పెద్ద సేటు కూర్చుని ఉన్నాడు. కొట్టు తెరిచే వేళకు తయారై అక్కడ కూర్చుంటాడట, మూసే వేళకు లేస్తాడట. ఎదురుగా కూర్చుని ఏదేదో మాట్లాడాను. వాతావరణం గురించి, రైళ్ల గురించి, మా మేస్త్రి గురించి. ఆయన మర్యాదగా తల ఊపాడు. ఇక లాభం లేదని నెక్కొండ నాయనమ్మ సంగతి చెప్పాను. అప్పుడు తిరిగి నా ముఖంలోకి చూశాడు.

"పెద్ద ముక్కుపుడక?"

"అవును సేటూ."

"నిలవడ్డదా?"

"నిలబడింది. బేలు మీద కూర్చుంటే లేపారు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒక్కో మాటా ఎక్కడినుంచో తోడుకుని తెస్తున్నట్టు చెప్పాడు. "నీ కుర్చీ మంచిదే తమ్మీ. పేరు వెట్టెటట్టు లేదు. కని కుర్చీల కూసుంటె నాకు మాట వస్తలేదు. ఆడోళ్లు, ముసలోళ్లు నా ముంగట నిలవడుంటె, నేను కూసోని ఏం మాట్లాడాలె?"

అంతే. నేను బయటికొచ్చి సైకిలు పట్టుకుని నడుచుకుంటూనే స్టేషన్ రోడ్డు దాకా వెళ్లాను, ఎక్కాలన్న సంగతే మర్చిపోయి. అప్పటిదాకా నేను కొట్లో కౌంటర్లు ఎక్కడ పెట్టాలో ఆలోచించాను, బల్బులు ఎక్కడ పెట్టాలో ఆలోచించాను. ఆ పెద్దమనిషి మాటలు ఎక్కడ కూర్చుని పుడతాయో ఆలోచించలేదు. మన చదువులో ఆ పాఠం లేదు, హైదరాబాదులో తిట్టిన గురువుగారికీ తెలియదు.

మర్నాడు చిన్న సేటుకు చెప్పాను, ఒక పక్క కౌంటర్ తీసేసి అరుగు కడదామని. ఇంటి ముందు అరుగులాంటిదే, బేలు అంత ఎత్తున, దాని మీద గద్దె. కూర్చోగలిగినవాళ్లు బాసింపట్టు వేసుకుంటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అంచు మీద కూర్చుని కాళ్లు కిందికి వదులుతారు. తొందరగా జాకెట్టు ముక్క కొనుక్కుపోయే కాలేజీ పిల్లలకు రెండో పక్క కౌంటర్ ఉండనే ఉంటుంది.

ఆయన తల పట్టుకున్నాడు. "బజార్ల నవ్వుతరు అన్నా. దీపావళికి పీకిండ్రు, ఉగాదికి ఏసిండ్రు అంటరు. ఇజ్జత్ పోతది."

"నవ్వితే నా పేరు చెప్పండి. గీసింది వాడే, పీకింది వాడే అనండి. బోర్డు మీద రాయించాను కదా, పని అయ్యాక కూడా వస్తానని. వచ్చాను."

ఆయన నన్ను కాలర్ పట్టుకుని బయటికి గెంటొచ్చు. ఇంకొకరైతే అదే చేసేవారు, పైగా ఊరంతా చెప్పేవారు, నా పని అక్కడితో ఖతం. కానీ ఆయన కాసేపు ఖాళీ కుర్చీ వంక చూసి, "బాపు మాట్లాడ్తడా?" అని అడిగాడు. తెలియదన్నాను. "సరే, షురూ చెయ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇక మా మేస్త్రి. తన చేత్తో బిగించిన కౌంటర్‌ను తన చేత్తోనే విప్పమంటే ఆయన నన్ను ఏమన్నాడో ఇక్కడ చెప్పలేను. అన్నాడు గానీ, పని మొదలుపెట్టాక అంత శ్రద్ధగా చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఎత్తు చూడటానికి నన్ను బేలు మీద కూర్చోమన్నాడు. కూర్చుంటే, "నీ కొంగ కాళ్లకు కాదు తమ్మీ, ఇది అవ్వల కోసం" అని లేపేసి, ఇంటికెళ్లి వాళ్లావిడను తీసుకొచ్చాడు. ఆమె సిగ్గుపడుతూ కూర్చుని, ఇంకొంచెం కిందికైతే హాయి అంది. అలాగే దించాం. అరుగు అంచు మోకాళ్ల వెనక ఒరుసుకోకుండా గుండ్రంగా చిత్రిక పట్టాడు. దాని కోసం కొత్త చెక్క కొననివ్వలేదు. విప్పిన కౌంటర్ చెక్కలే అరుగు కిందికి పోయాయి. సగం కొట్టు నడుస్తుంటే సగంలో రంపం ఆడింది. వచ్చేపోయేవాళ్లు నిజంగానే నవ్వారు. పెద్ద సేటు మాత్రం ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. కొడుకు పిలిస్తే "ఆఁ" అన్నాడట.

నెక్కొండవాళ్లు మళ్లీ వచ్చారా అని మీరు అడుగుతారని తెలుసు. రాలేదు. ఆ పెళ్లి బట్టలు వేరే కొట్లో అయిపోయాయి. ఆ నాయనమ్మను నేను మళ్లీ చూడలేదు. మీకు ఈ పనిలో డిగ్రీలిచ్చే గురువులుంటారు, నాకు మాత్రం గురువు బేలు మీదినుంచి లేపేసిన ఆ తల్లే. ఆ ఏడాది తర్వాత నేను పని చేసిన ప్రతి ఇంటికీ, ప్రతి కొట్టుకూ మళ్లీ వెళ్లి, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసేవాణ్ని. ఆ అలవాటే నాకు అన్నం పెట్టింది.

ఉగాది పొద్దున కొట్టు ముందు మామిడాకులు కట్టారు. లోపల కొత్త కుండలో పల్చటి ఉగాది పచ్చడి, పక్కన దాన్ని తాగడానికి కడిగిన గిలాసలు. నేనూ మేస్త్రీ తలంటుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, పరీక్ష ఫలితాల రోజు పిల్లల్లా ఒక మూల నిలబడ్డాం. పెద్ద సేటు వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి, పూజ చేసి, హారతి కళ్లకద్దుకున్నాడు. అరుగు దగ్గరికి వెళ్లి తెల్ల దుప్పటి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. అంచు మీద వేళ్లతో రాసి చూశాడు.

"కూసో బాపూ" అన్నాడు చిన్న సేటు.

ఆయన తల అడ్డంగా ఊపి, వెనక్కి నడిచి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

కొడుకు మళ్లీ బతిమాలాడు. ఆయన చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాడు. ఎండ గాజు తలుపు దాకా వచ్చింది, ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. గుమాస్తాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇదెట్ల తమ్మీ, మళ్ల పీకాల్నా?" అన్నాడు మేస్త్రి నా చెవిలో. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు. ఈ ఊళ్లో బోర్డు దింపేసి మళ్లీ హైదరాబాదు తిట్లకే పోదామనుకున్నాను.

అప్పుడు కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె, చెయ్యి పట్టుకుని ఆమె మనుమరాలు, తలుపు దగ్గరికి వచ్చారు. "పండుగ పూట తెరిశిండ్రా? పిల్లకు లంగ బట్ట కావాలె" అంది. గంప బయట దించి లోపలికి వచ్చింది. అరుగును చూసింది. "ఎంత తెల్లగున్నదమ్మా, మాసిపోతదేమో" అని చీర కొంగుతో కాళ్లు తుడుచుకుని, అంచు మీద మెల్లగా కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. ఒక్క నిమిషం అలా ఉండి, ఒక కాలు పైకి మడిచింది. తర్వాత రెండోదీ మడిచి, పిల్లను ఎత్తి పక్కన కూర్చోబెట్టుకుంది.

పెద్ద సేటు స్తంభం వదిలాడు. వచ్చి అరుగెక్కి, ఆమెకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని, బాలీసు దగ్గరికి లాక్కున్నాడు.

చిన్న సేటు నుదురు కొట్టుకున్నాడు. "నా మతి మండ! ఉగాది నాడు బోణీ గిరాకి కూసున్నంకనే మా ఇంట్ల మొగోళ్లు గద్దె మీద కూసుంటరు. తాతల నాటి నుంచి గదే రివాజు. గద్దెతోని పాటు గది గూడ మర్చిపోయిన."

అరుగు మీద పెద్ద సేటు కాస్త ముందుకు వంగాడు. "ఏ ఊరవ్వా మనది?"

"వర్ధన్నపేట అవతల సేటూ."

"అవతల అంటె ఏ దిక్కు? మిరప ఏసిండ్రా ఈసారి? నీళ్లున్నయా? ఈ పిల్ల కొడుకు బిడ్డనా, బిడ్డ బిడ్డనా? బడికి పోతాందా? ఏం పిల్లా, పోతాన్నవా?"

ఆయన ఆగడం లేదు. దీపావళి నుంచి లోపల పేరుకున్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి. ముసలామె నవ్వుతూ జవాబులు చెబుతోంది. లంగా బట్ట సంగతి ఇద్దరూ మరిచిపోయారు. చిన్న సేటు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నా, బాపు మాట్లాడ్తాండు" అన్నాడు, నాకు వినపడటం లేదేమో అన్నట్టు. "బాపు మాట్లాడ్తాండు."

పెద్ద సేటు తలెత్తి మా వంక చూసి కసురుకున్నాడు. "ఆడ నిలవడి ఏం గుసగుస పెడ్తాండ్రు? అవ్వ వచ్చి ఎంతసేపాయె! గిలాసలల్ల పచ్చడి పోసి తెండ్రి."

తిట్టు తిన్న కొడుకు కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ కుండ దగ్గరికి పరుగెత్తాడు. గిలాసలు అందించడానికి అతని వెనకే నేనూ పరుగెత్తాను.